గవ్వలపాలెం సందులో సున్నా

సోమవారం

పని చిన్నదే. వడదెబ్బ లెక్కలు చెప్పే ఎండ్‌పాయింట్ ఒకటి రాయాలి. ఫలానా తేదీన ఫలానా సందులో ఎంతమందికి వడదెబ్బ తగిలిందని అడిగితే జవాబుగా ఒక అంకె ఇవ్వాలి. అంతే. పట్నాన్ని నడిపే సంఘం హాల్లో గోడంత డ్యాష్‌బోర్డ్ పెడుతున్నారు. అది గంటకోసారి నా ఎండ్‌పాయింట్‌ని అడిగి, వచ్చిన అంకెను బట్టి పట్నం పటం మీద రంగులు వేసుకుంటుంది. సున్నాకి ఆకుపచ్చ, ఐదు నుంచి పసుపు, ఇరవై దాటితే ఎరుపు.

ఆసుపత్రుల నుంచి మనిషికొక వరుస వస్తుంది. తేదీ, సందు, వయసు, ఏమైంది. వాటిని తేదీ వారీగా, సందుల వారీగా గుంపు చేసి కూడితే సరిపోతుంది. మధ్యాహ్నం తిండి వేళకి పూర్తయింది.

ఒక్క నిబంధన మాత్రం జాగ్రత్తగా రాయాల్సి వచ్చింది. ఒక సందులో ఒకరి నుంచి నలుగురి దాకా పడిపోయి ఉంటే ఆ అంకె బయటికి చెప్పకూడదు. ఇది మంచి నిబంధనే. మా అంచుపేటలో సందుకి పది పన్నెండు ఇళ్లు మించి ఉండవు. కొన్నేళ్ల కిందట పాత బోర్డు మీద 'తాటిరేవు సందు: 1' అని చూసి, ఆ ఒక్కడెవడో, పట్నం మీద ఎండకి కట్టిన తెర కుట్టే పని మేస్త్రీ ఇట్టే పట్టేశాడు. ఒకసారి పడినవాడు మళ్లీ పడతాడని చెప్పి పనిలోంచి తీసేశాడు. అప్పుడు నిబంధన కోసం సంఘం ముందు కూర్చుని అరిచినవాళ్లలో మా పెదనాన్న కొర్లయ్య కూడా ఉన్నాడు.

కాబట్టి ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటే నా ఎండ్‌పాయింట్ 'ఖాళీ' అని జవాబిస్తుంది. డ్యాష్‌బోర్డ్ ఆ సందుకి బూడిద రంగు వేస్తుంది. ఎంతమందో చెప్పం, కానీ ఎవరూ లేరని అబద్ధమూ చెప్పం.

రోజూ పనిచిట్టా రాయాలని ఆఫీసు రూలు కాబట్టి రాస్తున్నాను. పేరు: నూకరత్నం. పని: పూర్తి.

బుధవారం

పూర్తి కాలేదట.

మా ఆఫీసు పెద్ద దక్షిణామూర్తి గారు డ్యాష్‌బోర్డ్ ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. నడిపేట వీధులు ఆకుపచ్చగా, పసుపుగా మెరుస్తున్నాయి. పట్నం చుట్టూ అంచుపేట మొత్తం బూడిద.

"ఇదేంటమ్మా, పటానికి బూజు పట్టినట్టుంది?"

"అక్కడ సందులు చిన్నవండీ. ప్రతి సందులో ఒకరో ముగ్గురో పడుతున్నారు. చెప్పకూడదు కదా, అందుకే ఖాళీ."

"అధ్యక్షురాలు హైమవతి గారు రేపు ప్రారంభోత్సవానికి వస్తున్నారు. బూడిద రంగు చూస్తే మనమేదో దాస్తున్నట్టు ఉంటుంది. ఖాళీ బదులు సున్నా పెట్టు."

"సున్నా అంటే ఎవరూ లేరనండీ. ఖాళీ అంటే ఉన్నారు, చెప్పలేం అని. రెండూ ఒకటి కాదు."

"చూసేది మనుషులే కదా. కింద చిన్న అక్షరాల్లో రాద్దాం, ఐదుగురి లోపు సున్నాగా చూపబడును అని. చూపించడానికే కదమ్మా, దీనితో ఎవరికి నష్టం?"

నేను ఇంకో నాలుగు మాటలు అన్నాను. ఆయన ఐదో మాట వినలేదు. కోడ్‌లో ఒక్క పదం మార్చాను. అంచుపేట అంచు నుంచి అంచు దాకా పచ్చగా తేలింది. మూర్తి గారు వెనక్కి జరిగి, "అదీ!" అన్నారు.

చిన్న అక్షరాల వాక్యం సాయంత్రానికి డ్యాష్‌బోర్డ్ మీద కనిపించలేదు. చోటు చాలలేదట.

ఆదివారం

సెలవు. అంచుపేట వెళ్లాను. నన్ను పెంచింది పెదనాన్నే. మా ఊరు గవ్వలపాలెం సముద్రంలోకి పోయేనాటికి నేను చంకలో పిల్లని. కోస్తా అంతా ఖాళీ అవుతుంటే ఈ తెర కిందికి చేరినవాళ్లకి ఊరికొక సందు ఇచ్చారు. మునిగిన ముప్పై నాలుగు ఊళ్లకి ముప్పై నాలుగు సందులు, ఆ ఊళ్ల పేర్లతోనే. పెదనాన్న ఒకప్పుడు వలలు అల్లేవాడు. ఇక్కడికి వచ్చాక తెర కుట్టాడు. మన నెత్తి మీద ఎండని ఆపే ఈ గుడ్డలో ఎన్ని కుట్లు ఆయనవో ఆయనకే తెలియదు.

తెర అంచున ఉండేవాళ్లకి పక్క నుంచి వేడిగాలి కొడుతుంది. చల్లగాలి గొట్టం ఆగితే ఇల్లు పొయ్యి అవుతుంది. నేను వెళ్లేసరికి గొట్టం మూతి దగ్గర పెదనాన్న అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు.

"వొచ్చీసినావా నూకీ? ఇల్రా, ఇక్కడ సెయ్యి పెట్టి సూడు. ఏటైనా తగుల్తందా?"

సన్నగా వస్తోంది. నేను నీళ్లు తాగేలోపు అదీ ఆగిపోయింది.

పక్కింటి దాలమ్మ గుమ్మంలో కూర్చుని తడిగుడ్డ తల మీద కప్పుకుని ఉంది. చిన్నప్పుడు నాకు జడలు వేసింది ఆవిడే. జుట్టు లాగి లాగి వేసేది, ఏడిస్తే ఇంకా గట్టిగా లాగేది.

"ఒలే నూకీ, నువ్వు పెద్ద ఆఫీసులో ఉన్నావు గదా. గాలోలకి సెప్పు, దాలమ్మ ఉడికిపోతంది, కొంచెం ఉప్పు కారం ఏసుకుని తినెయ్యమను."

అందరం నవ్వాం. మూడు రోజులుగా ఇలాగే ఉందట. గొట్టం పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట. ముప్పై నాలుగు సందుల్లోనూ అదే కథ. ఫిర్యాదు నంబరుకి పెదనాన్న రోజూ చేస్తున్నాడు. అవతల యంత్రం గొంతు ఒకటే మాట చెబుతోందట. దాన్ని ఆయన అనుకరించి మరీ వినిపించాడు: "మీ సందులో అవసరం నమోదు కాలేదు."

"నమోదు కాపోటమేటే? ఎదురింటి పరదేశి కొడుకు నిన్న నా కళ్ల ముందే పడిపోనాడు. ఆస్పత్రికి మోసుకెల్లింది మేమే. మరి అక్కడ ఏటి రాసుకున్నారు?"

నాకు నవ్వు పోయింది. నమోదు అన్న మాట మా ఆఫీసు మాట.

సోమవారం

ఎండ్‌పాయింట్‌ని ఎవరెవరు అడుగుతున్నారో చూశాను. డ్యాష్‌బోర్డ్ ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. ప్రారంభోత్సవం మర్నాటి నుంచి, పావుగంటకోసారి, అన్ని సందుల పేర్లూ వరసగా అడుగుతోంది.

అది పంపకం. చల్లగాలి కర్మాగారం నుంచి ఏ గొట్టం ఎంతసేపు తెరవాలో నిర్ణయించే ప్రోగ్రామ్.

నేను రాసిన సున్నాని అది నమ్మింది. ఎందుకు నమ్మదు? సున్నా అంటే ఎవరూ పడలేదని. ఎవరూ పడని చోట గాలి తగ్గించి, పడుతున్న చోటికి పంపింది. నడిపేటలో ఒక్కో వీధికి మూడు వందల ఇళ్లు. అక్కడ ఆరుగురికి తల తిరిగినా పసుపు వస్తుంది, గాలి పెరుగుతుంది. మా దగ్గర పన్నెండు ఇళ్లలో నలుగురు పడినా సున్నా. గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే ఇంకొకరు పడతారు. అయినా సున్నా.

మూర్తి గారి గదికి తలుపు తట్టకుండా వెళ్లాను.

"పంపకాన్ని నా ఎండ్‌పాయింట్‌కి ఎవరు తగిలించారండీ?"

"ఇంజనీరింగ్ వాళ్లు. రోజువారీ లెక్కలు రెడీగా దొరుకుతున్నాయని వాడుకున్నారు. మంచిదే కదమ్మా, నీ పని నలుగురికి పనికొస్తోంది."

"చూపించడానికే అన్నారు. మనుషులే చూస్తారన్నారు."

"అప్పుడు మనుషులే చూశారు."

"ఆ సున్నాలు అబద్ధం అండీ! మీకు తెలుసు, నాకు తెలుసు. పంపకానికి తెలియదు. గొట్టాలు మూసేస్తోంది. అక్కడ మనుషులు పడిపోతున్నారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "అరవకు. పనిచేస్తున్న వ్యవస్థని మధ్యలో కదిలించకూడదు. మార్పు కావాలంటే అర్జీ పెట్టు. సంఘం వచ్చే నెల కూర్చుంటుంది."

ఆ గదిలో చలికి ఆయన శాలువా కప్పుకుని ఉన్నారు. ఇది కల్పించి రాయడం లేదు. శాలువా.

మంగళవారం

సున్నా తీసేసి మళ్లీ ఖాళీ పెడితే ఏమవుతుందో ప్రయోగం చేసి చూశాను. అసలు పంపకం మీద కాదు, దాని నకలు మీద. ఖాళీ వస్తే పంపకానికి ఏం చెయ్యాలో తెలియదు. అక్కడికక్కడ ఆగిపోతుంది. ఆగిపోతే గొట్టాలు ఎలా ఉన్నవి అలాగే బిగుసుకుంటాయి. అంటే మావి మూసినవి మూసినట్టే ఉంటాయి, ఈసారి పొద్దున్న గంట, సాయంత్రం గంట కూడా లేకుండా.

ఖాళీని అర్థం చేసుకునేలా పంపకాన్ని మార్చమని ఇంజనీరింగ్ వాళ్లకి రాశాను. మీ ఎండ్‌పాయింట్ ఇచ్చే అంకెలతో మాకు ఇబ్బందేమీ లేదు అని జవాబు వచ్చింది. వాళ్లకి ఇబ్బంది లేదు!

అసలు అంకెలు పంపకానికి మాత్రమే వెళ్లేలా ఇంకో ఎండ్‌పాయింట్ రాశాను. గంట పని. మూర్తి గారు ఆమోదిస్తే తప్ప అది బయటికి వెళ్లదు. ఆయన ఆమోదించలేదు. నిబంధన ఉల్లంఘన అన్నారు. మేస్త్రీల నుంచి మావాళ్లని కాపాడటానికి మావాళ్లే అరిచి తెచ్చుకున్న నిబంధనని మావాళ్ల గొంతు మీద పెట్టి, పైగా అది వాళ్ల మేలు కోసమే అంటున్నాడు.

'అంటున్నారు' అని రాయాలి. రాయను.

బుధవారం

అంచుపేట ఆసుపత్రి నర్సు షకీలా ఆఫీసుకి ఫోన్ చేసి నా పేరే అడిగి మరీ తిట్టింది.

"రోజూ డెబ్బై మంది దాకా వస్తున్నారు. మంచాలు చాలక నేల మీద పడుకోబెడుతున్నా. ఒక్కొక్కళ్ల వివరాలూ నేనే ఎక్కిస్తున్నా. మందులు అదనంగా కావాలని అడిగితే, బోర్డు మీద మీ పేటలో ఒక్క కేసూ లేదంటున్నారు. నేను దొంగ పేషెంట్లని పెట్టుకున్నానా అమ్మా? వచ్చి చూస్తావా?"

నేను చెప్పాను. ఖాళీ, సున్నా, పంపకం, మొత్తం.

"అంటే నేను ఎక్కించిన వరుసలన్నీ అక్కడ ఉన్నాయి."

"ఉన్నాయి."

"నువ్వు కూడితే సున్నా వస్తోంది."

"అవును."

ఫోన్ పెట్టేసింది. ఆమె ఇంకో తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం

కొత్త వరుస. తేదీ: ఈ రోజు. సందు: గవ్వలపాలెం. వయసు: అరవై ఒకటి. స్త్రీ. ఏమైంది: మరణం.

వరుసలో పేరు ఉండదు. మా సందులో ఆ వయసు ఆడమనిషి ఒక్కతే.

ఈ రోజు గవ్వలపాలెం సందులో ముగ్గురు. ఎండ్‌పాయింట్‌ని అడిగాను. సున్నా అంది. మళ్లీ అడిగాను. ఎన్నిసార్లు అడిగానో తెలియదు. ప్రతిసారీ అదే వేగంతో, అదే మర్యాదతో, సున్నా.

సంఘం హాలుకి వెళ్లాను. డ్యాష్‌బోర్డ్ ముందు ఎవరో బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తున్నారు. ఆకుపచ్చ అంటే ఏంటి పిల్లలూ అని వాళ్ల టీచరు అడుగుతోంది. అందరూ క్షేమం, అని పిల్లలు ఒక్క గొంతుతో చెప్పారు.

అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను.

శుక్రవారం

దాలమ్మని తెల్లవారగానే కాటికి తీసుకెళ్లిపోయారు. ఎండ ఎక్కాక తెర దాటి వెళ్లడానికి కుదరదు. తిరిగొచ్చి అందరూ ఆవిడ గుమ్మం ముందే కూర్చున్నారు. గొట్టం అప్పటికే ఆగిపోయింది.

నేను దాచకుండా చెప్పాను. ఆ సున్నా నా చేత్తో రాసిందేనని కూడా చెప్పాను. దాలమ్మ కూతురు ఆదెమ్మ నా ముఖం వైపు చూడలేదు. పెదనాన్న చూశాడు.

"మార్సెయ్యి మరి. నీ సేతిలోదే గదా."

"నా చేతిలో లేదు పెదనాన్నా. ఆయన ఒప్పుకోకుండా కోడ్‌లో అక్షరం కూడా కదలదు."

"మరి మేం సచ్చిపోవాల?"

అప్పుడు చెప్పాను, దారంతా బుర్రలో తిరుగుతున్న మాట. ఆసుపత్రి వరుసలో సందు పేరు మనిషి చిరునామా నుంచి వస్తుంది. నా ప్రోగ్రామ్ ఆ పేరు చూసి గుంపు చేస్తుంది. ముప్పై నాలుగు పేర్లు ఉన్నాయి కాబట్టి ముప్పై నాలుగు చిన్న గుంపులు. అదే అందరి చిరునామా ఒక్క పేరు మీద ఉంటే ఒకటే పెద్ద గుంపు. డెబ్బై మంది. అప్పుడు దాచాల్సిన పని లేదు, ఎవరి పేరూ బయటపడదు, సున్నా అనే వీలు ఎవరికీ ఉండదు. కోడ్‌లో ఏమీ మార్చక్కర్లేదు. మూర్తి ఆమోదం అక్కర్లేదు. సందు పేరు సందువాళ్ల ఇష్టమని మొదట్లోనే రాసుకున్నారు. మనిషి స్వయంగా పేట కచేరీకి వెళ్లి అడిగితే చిరునామా అప్పటికప్పుడు మారుస్తారు.

"ఒక్క పేరు అంటే?"

"అంచుపేట. అంతే."

పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"గవ్వలపాలెం ఉండదా?"

"కాగితం మీద ఉండదు."

"కాగితం మీద కాపోతే ఇంకెక్కడుందే అది? నీటి కింద ఉంది! ఊరు సముద్రం తినీసింది, ఊరుకున్నాం. మిగిలింది ఆ పేరొక్కటే. దాని కోసం ఎంత మందితో కొట్లాడినామో నీకు తెలుసా? ఇప్పుడు అదీ నువ్వు తీసీత్తావా? నిన్ను పెంచింది ఇందుకేనేటే?"

"నేను తియ్యడం లేదు పెదనాన్నా! నాకు మాత్రం ఇష్టమా? వాళ్లు మన పేర్లని వాడుకుని మనల్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కనీ సున్నా చేశారు. నాకు ఇంకో దారి కనిపిస్తే చెప్పనా?"

"వోల్లు తప్పు సేసి, పేరు మేం వొదులుకోవాలా? ఇదెక్కడి నాయం?"

న్యాయం కాదు. కాదనే చెప్పాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం, చావు జరిగిన ఇంటి ముందు. చివరికి ఆదెమ్మ గుమ్మంలోంచి మాట్లాడింది. పొద్దున్నించి నోరు విప్పడం అదే.

"మావా, మా యమ్మ నిన్న ఊపిరందక కొట్టుకున్నప్పుడు గవ్వలపాలెం అన్నేదు. గాలి అంది. నాకు ఇద్దరు గుంటలున్నారు. నాను రేపే ఎల్తాను."

పెదనాన్న ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ వేడిలో తలుపు వేసుకున్నాడు.

శనివారం

కచేరీ సోమవారం దాకా తియ్యరట. ఆదెమ్మా నేనూ సందు సందుకీ తిరిగాం. కొందరు విని వెంటనే సరే అన్నారు. కొందరు పెదనాన్నలాగే అరిచారు. తాటిరేవు సందులో ఒక ముసలాయన నా మీద నీళ్లచెంబు విసిరాడు. తగల్లేదు. పాతమొగ సందులో మాత్రం ఈ వారం రోజుల్లో ఇంటింటికీ ఒకరు పడి ఉన్నారు, అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఎప్పుడు రావాలి అని మాత్రం అడిగారు.

షకీలా తన వంతుగా ఆసుపత్రి గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాడికీ చెప్పింది. నాకంటే బాగా చెప్పింది, నాకంటే గట్టిగా కూడా.

సోమవారం

పొద్దున్న కచేరీ తలుపు తియ్యకముందే వరస వీధి చివరి దాకా ఉంది. నేను ఆఫీసుకి రానని చెప్పి వచ్చాను. నడవలేనివాళ్లని మంచాల మీద మోసుకొచ్చారు.

కిటికీ వెనక గుమస్తాకి ఇదంతా తెలియదు. తన పద్ధతిలో తను అడుగుతున్నాడు.

"పాత చిరునామా?"

"తాటిరేవు."

"కొత్తది?"

"అంచుపేట."

"తర్వాత. పాత చిరునామా?"

మొదట్లో అందరూ మామూలుగానే చెప్పారు. కాసేపటికి ఏమైందో, పాత చిరునామా అన్నప్పుడు గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. పాతమొగ! లంకమెట్ట! ఉప్పురేవు! కిటికీలోకి కాదు, వెనక ఉన్న వరసకి వినబడేలా. గుమస్తా తలెత్తి చూశాడు. నీళ్లచెంబు విసిరిన ముసలాయన వచ్చాడు. తాటిరేవు అని చెప్పి, కొత్తది అడిగితే పక్కకి తిరిగాడు. వెనక ఉన్న కోడలు చెప్పింది.

మధ్యాహ్నానికి పెదనాన్న వచ్చాడు. చలవ బట్టలు కట్టుకున్నాడు. నా వైపు చూడకుండా వరసలో నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చింది.

"పాత చిరునామా?"

"గవ్వలపాలెం. బూరాడ కొర్లయ్య, గవ్వలపాలెం. మా నాన్నది గవ్వలపాలెం. ఆల నాన్నదీ గవ్వలపాలెమే."

"కొత్తది?"

పెదనాన్న కిటికీ గట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వే రాసుకో" అన్నాడు.

మంగళవారం

పొద్దున్నే ఎండ్‌పాయింట్‌ని అడిగాను. అంచుపేట: డెబ్బై మూడు. నా కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు.

డ్యాష్‌బోర్డ్ మీద పట్నం చుట్టూ ఎర్రటి వలయం. పంపకం పావుగంటలో చూసింది. అంత ఎక్కువ అంకె అది ఎప్పుడూ చూసి ఉండదు. నడిపేట గొట్టాలు సగానికి తగ్గించి అంచుపేటవి పూర్తిగా తెరిచింది. షకీలా ఫోన్ చేసింది. గాలి గొట్టం దగ్గర ఫోన్ పెట్టి చల్లగాలి హోరు వినిపించింది.

తర్వాత మూర్తి పిలిచాడు. శాలువా లేదు. నుదుటి మీద చెమట.

"ఇదంతా నువ్వు చేయించిందే."

"చిరునామా మార్చుకోవడం వాళ్ల హక్కండీ. కోడ్ మీరు ఆమోదించిందే."

"మధ్యాహ్నం అధ్యక్షురాలు వస్తున్నారు. ఈలోగా పరిమితి ఐదు నుంచి వందకి పెంచు. వందమంది లోపు సున్నా. గోప్యత మరింత పటిష్ఠం చేశాం అని చెబుదాం."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పాను.

"గురువారం చచ్చిపోయిన మనిషి నాకు జడలు వేసిందండీ. ఆవిడని ఒకసారి సున్నా చేశాను. మళ్లీ చెయ్యను. మీరే రాసుకోండి, మీ పేరుతో."

"నీ ఉద్యోగం గురించి ఆలోచించావా?"

"లేదు."

మధ్యాహ్నం సమావేశానికి నన్ను పిలవలేదు. వెళ్లాను. హైమవతి గారు ఎర్రటి పటం ముందు నిలబడి ఉన్నారు. మూర్తి ఆవిడకి ఇది తాత్కాలిక సాంకేతిక లోపమని వివరిస్తున్నాడు.

"లోపం కాదండీ," అన్నాను తలుపు దగ్గర నుంచే. "ఇన్నాళ్లూ పచ్చగా ఉన్నదే లోపం. ఇది నిజం."

"నువ్వెవరమ్మా?"

"ఈ అంకెలు ఇచ్చే ప్రోగ్రామ్ రాసినదాన్ని. ఒకరి నుంచి నలుగురి దాకా పడితే సున్నా అని రాయమన్నారు, రాశాను. ఆ సున్నా చూసి పంపకం గొట్టాలు మూసింది. అంచుపేటలో ప్రారంభోత్సవం రోజున కూడా మనుషులు పడుతూనే ఉన్నారు. మీరు చప్పట్లు కొట్టారు."

ఆవిడ మూర్తి వైపు తిరిగి, "ఇది మీకు తెలుసా?" అని అడిగింది. ఆయన నిబంధన గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"తెలుసా, తెలియదా?"



గురువారం

పంపకాన్ని డ్యాష్‌బోర్డ్ లెక్కల నుంచి విడదీశారు. ఇకమీద ఆసుపత్రి వరుసల నుంచి నేరుగా తీసుకుంటుంది. మంచిదే. జరిగినదాని మీద విచారణకి ఒక కమిటీ వేశారు. కమిటీకి సమాచారం అందించే బాధ్యత మూర్తికి అప్పగించారు. నన్ను వీధిదీపాల బిల్లుల విభాగానికి మార్చారు, క్రమశిక్షణ చర్యగా.

కోపం తగ్గుతుందేమోనని రెండు రోజులు ఆగి రాస్తున్నాను. తగ్గలేదు. ఒక మనిషి చచ్చిపోయి, ముప్పై నాలుగు ఊళ్లు పేర్లు పోగొట్టుకుని, మేము సాధించింది అంతకు ముందు మాకు ఉన్న గాలే.

పాత పేర్లు తిరిగి తెచ్చుకోవచ్చా అని కచేరీలో అడిగాను. ఏడాది దాకా కుదరదట. ఒకసారి మార్చినవాళ్లకి అది నియమం.

సాయంత్రం పెదనాన్న ఇంటికి వెళ్లాను. శుక్రవారం నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. గొట్టం కింద మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. గాలికి ఆయన తెల్లజుట్టు కదులుతోంది. నేను కింద కూర్చున్నాను. పైకి చూస్తూనే అడిగాడు.

"దాలమ్మ పేరు కూడా మార్పించినావేటి?"

"లేదు పెదనాన్నా. మనిషి స్వయంగా రావాలి. రాలేనివాళ్లది పాతదే ఉంటుంది."

"అంటే అది ఇంకా గవ్వలపాలెంలోనే ఉందన్నమాట."

"అవును. ఆవిడ ఒక్కతే."

ఆయన మంచం మీద నుంచి చెయ్యి కిందికి వేసి నా తల మీద పెట్టాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఉండనీ," అన్నాడు. "ఊరన్నాక ఎవులో ఒకలు ఉండాల గదా."